వేట లేని నెలకూ వాయిదా ఉంటుంది: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్లలో పొదుపు లెక్క

సంక్షిప్తంగా: గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని అనేక తెలుగు కుటుంబాలకు ఆదాయం కొన్ని నెలల్లో ఎక్కువగా, మరికొన్ని నెలల్లో నామమాత్రంగా వస్తుంది. అప్పు వాయిదా మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తంలో పడుతుంది. ఈ ఎడాన్ని పూడ్చగలిగే సొమ్మే ఇక్కడ పొదుపు. అందువల్ల దుబారాను కొన్న వస్తువు ధరతో గాక, ఆ కొనుగోలు ఇంకా చేతికి రాని ఆదాయాన్ని ఎన్ని నెలలపాటు కట్టిపడేస్తుందన్న దానితో కొలవడం సరైనది.

భారతీయ కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 11 శాతానికి పైగా ఉండగా, 2022-23 నాటికి సుమారు 5 శాతానికి పడిపోయిందని రిజర్వు బ్యాంకు గణాంకాలు చూపించినప్పటి నుంచి పొదుపు మళ్లీ చర్చల్లోకి వచ్చింది. మొదటి సంఖ్య కరోనా ఏడాదిది. ఖర్చు పెట్టే వీలే లేని ఆ కాలంలో బ్యాంకుల్లో డబ్బు అసాధారణంగా పేరుకుంది కాబట్టి, తరువాతి తగ్గుదలలో కొంత భాగం సహజమే. మిగిలిన భాగానికి కారణం అప్పులు పెరగడం. కుటుంబం దాచినదాని నుంచి చేసిన అప్పును తీసివేయగా మిగిలేదే నికర పొదుపు. ఒక ఇల్లు నెలకు వెయ్యి రూపాయలు దాస్తూనే, ఆరు వేల రూపాయల ఫోనును వాయిదాల మీద తెచ్చుకుంటే, ఆ నెల దాని నికర పొదుపు సున్నా కంటే కిందికి పోయినట్టే.

దేశస్థాయిలో ఇది ఒక శాతం అంకె. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం ప్రాంతాల్లో దాని రూపం వేరు.

ఆదాయానికి ఋతువులున్నాయి

గంజాం తీరంలోని తెలుగు మత్స్యకార గ్రామాలను ముందుగా గమనించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం అమలవుతుంది. దీనికి తోడు ఋషికుల్య నదీముఖం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కావడంతో, ఆ పరిసరాల్లో నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేటపై ఆంక్షలుంటాయి. రెండు నిషేధాలకూ బలమైన కారణాలున్నాయి. చేపల సంతతి నిలిస్తేనే రేపటి వేట ఉంటుంది. అయితే వీటి మధ్య మిగిలే మంచి నెలల్లోనే తుపానుల కాలం కూడా వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ సమీపంలో తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ శ్రీకాకుళంతో పాటు గజపతి జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. పంట చేతికి రావడానికి ముందు, వేట సాగవలసిన రోజుల్లో వచ్చే ఈ దెబ్బలు ఒక్క ఏడాది ఆదాయంతో ఆగవు. పడవ, వల, ఇంటి పైకప్పు వంటి కూడబెట్టిన ఆస్తిని కూడా అవి తీసుకుపోతాయి.

లోతట్టున పరిస్థితి ఇంతకంటే భిన్నంగా లేదు. రాయగడ, గుణుపురం వైపు పత్తి అమ్ముడుపోయినప్పుడు, ఇతర చోట్ల ఖరీఫ్ ధాన్యం అమ్ముడుపోయినప్పుడు సొమ్ము ఒక్కసారిగా వస్తుంది. బరంపురం పట్టు నేత కుటుంబాలకు పెళ్లిళ్ల కాలం ఒక తీరు, మూఢాల కాలం మరో తీరు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లినవారి జీతం కొంత క్రమంగా అందుతుంది గానీ, ఆ క్రమం ఎంత పలచనిదో 2020 మార్చి లాక్‌డౌన్ తేల్చిచెప్పింది. మగ్గం ఆగిన రోజునే కూలి ఆగింది, అద్దె మాత్రం ఆగలేదు.

ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అన్న సామెత ఇలాంటి ఆదాయాలున్న ఇళ్లకు సరిగ్గా వర్తిస్తుంది. ఉన్ననాటి నుంచి లేనినాటికి కొంత సొమ్మును మళ్లించే పని పాతరోజుల్లో ధాన్యపు గాదె చేసేది, ఎండుచేపల నిల్వ చేసేది. ఇప్పుడు ఆ పని నగదే చేయాలి. గాదెలోని ధాన్యంతో పోలిస్తే చేతిలోని నగదు ఖర్చయిపోవడం చాలా తేలిక.

మిగులుగా కనిపించే సొమ్ము

ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. ఏడాదిలో ఎనిమిది మంచి నెలల్లో నెలకు 27,000 రూపాయలు, నాలుగు కరవు నెలల్లో నెలకు 6,000 రూపాయలు వస్తాయనుకుంటే, సంవత్సరాదాయం 2,40,000 రూపాయలు, నెల సగటు 20,000 రూపాయలు అవుతుంది. తిండి, బడి, మందులు, కరెంటు కలిపి నెలకు 10,000 రూపాయలు ఖర్చు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, సంవత్సరాదాయం 3 లక్షల రూపాయలకు మించని కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు సూక్ష్మరుణం. ఆ కుటుంబం కట్టే అన్ని అప్పుల నెలసరి వాయిదాలూ కలిపి దాని నెలసరి ఆదాయంలో 50 శాతం దాటకూడదు. ఈ కొలత ప్రకారం మన కుటుంబం నెలకు 10,000 రూపాయల వాయిదా కట్టవచ్చు. నిబంధన ఎక్కడా ఉల్లంఘన కాలేదు.

ఇప్పుడు నెలనెలా లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. మంచి నెలలో 27,000 నుంచి ఇంటి ఖర్చు 10,000, వాయిదా 10,000 పోగా 7,000 మిగులుతుంది. ఎనిమిది నెలలకు 56,000 రూపాయలు. కరవు నెలలో 6,000 వస్తే 20,000 కావాలి. లోటు 14,000. నాలుగు నెలలకు సరిగ్గా 56,000 రూపాయలు. అంటే మంచి నెలల్లో మిగిలినట్టు కనిపించిన ప్రతి రూపాయికీ కరవు నెలల్లో ముందే ఒక పని ఉంది. అందులోంచి నెలకు 2,000 రూపాయల వాయిదాతో ఒక పెద్ద టీవీ వచ్చిందంటే, ఏడాదికి 24,000 రూపాయల కొత్త లోటు వచ్చినట్టే. మంచి నెలల్లో ఆ లోటు తెలియదు. వేట నిషేధం మొదలైన రెండో నెలలో అది కొత్త అప్పు రూపంలో బయటికి వస్తుంది.

ఈ లెక్కలో విలాసం ఎంత చిన్నదో గమనించాలి. టీవీ కొన్న ఇంటిని దుబారా ఇల్లు అనడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాదు. అయినా దెబ్బ అక్కడే తగిలింది. మరోవైపు అదే మొత్తం అప్పు చేసి పడవకు ఇంజను కొన్న కుటుంబం, కొత్తగా వచ్చే ఆదాయం వాయిదా కంటే ఎక్కువైతే, నిలదొక్కుకోగలదు. అప్పు అన్నదంతా ప్రమాదమనీ, ఖర్చు అన్నదంతా తప్పనీ చెప్పే ఉపదేశాలు ఈ తేడాను చెరిపేస్తాయి కాబట్టి అవి వినేవారికి పెద్దగా ఉపయోగపడవు.

రెండు సంఘాలు, రెండు పద్ధతులు

ఈ జిల్లాల్లో మహిళలు కట్టేదంతా సంఘం డబ్బుగానే చెలామణి అవుతుంది. నిజానికి వీటిలో రెండు భిన్నమైన పద్ధతులున్నాయి. మొదటిది స్వయం సహాయక సంఘం. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం, ఒడిశాలో 2001 మార్చి 8న ప్రారంభమైన మిషన్ శక్తి ఈ కోవలోవి. ఇక్కడ సభ్యులు ముందు పొదుపు చేస్తారు, ఆ నిధి నుంచి తమలో తాము అప్పులిచ్చుకుంటారు, ఆ క్రమశిక్షణ చూసి బ్యాంకు అప్పు ఇస్తుంది. వచ్చిన వడ్డీలో కొంత సంఘంలోనే ఉండిపోతుంది.

రెండవది సూక్ష్మరుణ సంస్థలు ఏర్పాటు చేసే ఉమ్మడి బాధ్యతా బృందం. ఇక్కడ పొదుపు లేదు, అప్పుతోనే మొదలవుతుంది. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారు సర్దాలన్న ఒత్తిడే దానికి హామీ. అత్యవసరంలో త్వరగా డబ్బు దొరకడం దీని నిజమైన బలం, వడ్డీ వ్యాపారి కంటే ఇది మేలైన సందర్భాలూ చాలా ఉన్నాయి. అయితే అప్పు తీరిననాటికి మొదటి పద్ధతిలో సభ్యురాలి పేరున కొంత నిధి మిగులుతుంది. రెండవ పద్ధతిలో మిగిలేది తరువాతి అప్పుకు అర్హత మాత్రమే.

సరిహద్దు కారణంగా ఇంకో గందరగోళం కూడా ఉంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చి, ఆ తరువాత దాన్ని చట్టం చేసింది. దానితో ఆ రాష్ట్రంలో ఆ సంస్థల వ్యాపారం దాదాపు స్తంభించింది. ఇచ్ఛాపురం దాటితే ఆ చట్టం వర్తించదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి బంధుత్వాలు అటూ ఇటూ కొనసాగుతున్నా, అప్పుల చట్టాలు మాత్రం రాష్ట్రం గీత దగ్గరే ఆగిపోతాయి. శ్రీకాకుళంలోని వియ్యంకుల ఇంట విన్న మాఫీ వార్త, వడ్డీ రాయితీ వార్త గంజాంలో చేసిన అప్పుకు పనిచేస్తుందనుకుని వాయిదా ఆపేస్తే, నష్టం ఆ కుటుంబ రుణ చరిత్రకే.

వడ్డీ కనబడని లెక్కలు

దుబారా పెరగడానికి మనుషుల ఆశ ఒక్కటే కారణం కాదు. ధర కనబడకుండా చేసే పద్ధతులు కూడా కారణమే. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా తోస్తుంది, కానీ అది ఏడాదికి 36 శాతం. దుకాణంలో 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే అంతకంటే చవకగా వినిపిస్తుంది. పన్నెండు నెలల వాయిదాల్లో అసలు తగ్గుతూ పోతున్నా, వడ్డీని మొదటి మొత్తం మీదే లెక్కగడతారు కాబట్టి, దాని నిజమైన వార్షిక రేటు 21 శాతం దాటుతుంది. సున్నా వడ్డీ పథకాల పేరుతో వడ్డీని ధరలో దాచిపెట్టడాన్ని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే తప్పుబట్టింది. ఈనాటి నో కాస్ట్ ఈఎంఐలో కూడా నగదు కొనుగోలుదారుకు దొరికే తగ్గింపు పోవడం, ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగంపై జీఎస్టీ రూపంలో ఖర్చు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది.

జీతం వచ్చే ఉద్యోగులకు ఇదే పని క్రెడిట్ కార్డు చేస్తుంది. 50,000 రూపాయల బకాయి మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 1,750 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 315 రూపాయలు. చాలా కార్డుల్లో అడిగే కనీస మొత్తం బకాయిలో 5 శాతం, అంటే 2,500 రూపాయలు కడితే అసలులో తగ్గేది 435 రూపాయలే. నెలనెలా క్రమం తప్పకుండా కడుతున్నానన్న తృప్తి ఉంటుంది, అప్పు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది.

2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటును చూపే ముఖ్య వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం తప్పనిసరి. సంతకానికి ముందు అడిగి తీసుకోవలసిన కాగితం ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. బరంపురంలో చదువు ఒడియాలో, ఇంటి మాట తెలుగులో ఉన్న కుటుంబాల్లో ఆ పత్రాన్ని చదవగలిగేది తరచు పిల్లలే కాబట్టి, వారిని ఆ సంభాషణలో కూర్చోబెట్టడం మేలు.

పెళ్లి ఖర్చు ఎందుకు తగ్గదు

అప్పు చేసి పప్పుకూడు తినడం తప్పని తెలియని ఇల్లు లేదు. అయినా పెళ్లి దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివి పనిచేయకపోవడానికి ఒక యంత్రాంగం ఉంది. పెళ్లి ఖర్చుకు కొలబద్ద ఆ ఇంటి ఆదాయంలో లేదు, కిందటి ముహూర్తాల్లో బంధువుల ఇంట జరిగిన పెళ్లిలో ఉంది. ఒకరు కల్యాణ మండపం, డీజే, డ్రోన్ వీడియో పెడితే, తరువాతివారికి అది కనీస స్థాయి అవుతుంది. అందరూ ఒకేసారి తగ్గిస్తే ఎవరి పరువూ పోదు. ఒక్కరే తగ్గిస్తే ఆ ఒక్కరి పరువు పోతుందన్న భయం ఉంటుంది. అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే ప్రదర్శన కోసం చేసే ఖర్చు గురించి రాశాడు. సంపన్నుల గురించి ఆయన చెప్పినది ఈనాడు వాయిదాల పుణ్యమా అని కూలి కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

చదివింపుల పుస్తకం ఈ ఖర్చుకు ఒకప్పటి విరుగుడు. వచ్చిన ప్రతి నూటపదహార్లనూ పేరుతో సహా రాసుకుని, వారింట శుభకార్యానికి తిరిగి చదివించే ఈ ఏర్పాటు నిజానికి వడ్డీ లేని సామూహిక పొదుపు. భోజనాల విస్తరి ఖర్చు చదివింపు కంటే తక్కువగా ఉన్నంతకాలం అది పనిచేసింది. విస్తరి ఖర్చు చదివింపును మించిపోయాక, పిలుపుల సంఖ్య పెరిగినకొద్దీ లోటే పెరుగుతోంది. ఆ లోటుకు 2 లక్షల రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే, అసలులో ఒక్క రూపాయి తీరకుండానే ఏడాదికి 72,000 రూపాయలు వడ్డీకి పోతాయి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరమే అయినా, అది సారె, వాహనం, బంగారం పేర్లతో ఈ అప్పులోకి చేరుతూనే ఉంది. పెళ్లి ఖర్చును కేవలం ఆడంబరమని కొట్టిపారేసేవారు ఈ బలవంతాన్ని చూడడం లేదు. ఆడపిల్ల తల్లిదండ్రులకు ఇందులో ఎంచుకునే స్వేచ్ఛ చాలా తక్కువ.

ఈ జిల్లాల తెలుగువారికి సంక్రాంతి, ఉగాదులతో పాటు ఒడియా వారి రజో, రథయాత్రలూ, బరంపురంలో రెండేళ్లకోసారి నెలరోజులపాటు సాగే బుఢీ ఠాకురాణి జాతర కూడా సొంతమే. ఇవి తేదీ ముందే తెలిసిన ఖర్చులు. ముందే తెలిసిన ఖర్చుకు నెలకు కొంత దాచిపెట్టడం సాధ్యం కాబట్టి, పండుగను దుబారా పద్దులో వేయవలసిన పని లేదు.

దాచిన సొమ్ము దాగే చోటు

పొదుపు చేయడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. ఒడిశాలో అధిక లాభాల ఆశ చూపి డిపాజిట్లు సేకరించిన సంస్థలు కుప్పకూలిన తరువాత, 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఒక విచారణ కమిషన్‌ను నియమించింది. 2014 మేలో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అక్కడి జనం వీటన్నిటినీ చిట్‌ఫండ్లుగానే లెక్కగట్టడంతో, చట్టబద్ధమైన చీటీ మీద కూడా ఆ మచ్చ పడింది. రెండింటి పనితీరుకు పోలికే లేదు. ఆ సంస్థల్లో పాతవారికి ఇచ్చే లాభం కొత్తవారు కట్టిన అసలు నుంచే వస్తుంది. కొత్తవారు రావడం ఆగిన రోజున చెల్లింపులు ఆగుతాయి.

చీటీలో సభ్యుల సంఖ్య, నెలల సంఖ్య ముందే ఖాయం. ఇరవైమంది నెలకు 5,000 చొప్పున కడితే చీటీ విలువ లక్ష రూపాయలు. మొదటి నెల ఒకరు 30,000 తగ్గించి పాడితే వారికి 70,000 వస్తాయి. నిర్వాహకుడి కమిషను 5,000 పోగా మిగిలిన 25,000 ఇరవైమందికీ తలా 1,250 చొప్పున తిరిగి వస్తుంది. ముందుగా పాడినవారు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవారు పొదుపు చేసినట్టు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం రిజిస్ట్రారు అనుమతి, నిర్వాహకుడి నుంచి హామీ డిపాజిట్ తప్పనిసరి. 2019 సవరణతో కమిషను పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ చట్టం బయట, తెలిసినవారన్న నమ్మకం మీద నడిచే చీటీల్లోనే.

బ్యాంకుల్లో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు 2020 ఫిబ్రవరి నుంచి బీమా ఉంది. తపాలా కార్యాలయం రికరింగ్ డిపాజిట్‌లో 6.7 శాతం వడ్డీతో నెలకు 1,000 చొప్పున అయిదేళ్లు కడితే 60,000కు సుమారు 71,000 రూపాయలు వస్తాయి. రేటు తక్కువే. అయితే నిద్రపట్టే పొదుపు విలువను రేటుతో మాత్రమే తూచలేం.

బంగారం వీటన్నిటి మధ్య నిలుస్తుంది. నగగా కొన్నప్పుడు మజూరీ, తరుగు, జీఎస్టీ తిరిగి రావు. తాకట్టు పెట్టినప్పుడు మాత్రం గంటలో డబ్బు చేతికి వస్తుంది.

పొదుపు మాటకు ఉన్న హద్దులు

అందరూ ఒకేసారి ఖర్చు తగ్గిస్తే కొనేవారు కరవై, ఉత్పత్తి, కూలి పడిపోయి, చివరికి పొదుపు కూడా తగ్గవచ్చని బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1936లో వాదించాడు. బరంపురం పట్టుచీర అమ్ముడుపోతేనే నేతగాడికి కూలి. అందుచేత చీర కొనవద్దన్నది పొదుపు సలహా కానేరదు. చేతిలోని సొమ్ముతో కొన్న చీర ఒక ఇంటి మగ్గాన్ని నడుపుతుంది. అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నప్పుడు నేతగాడికి వచ్చే కూలి పెరగదు, వడ్డీ వ్యాపారి వాటా మాత్రమే అదనంగా చేరుతుంది.

ఆదాయం కనీసావసరాలకే చాలని ఇంటికి పొదుపు బోధించడం అన్యాయం. పిల్లల పాలు, గర్భిణి తిండి, ఆడపిల్ల చదువు తగ్గించి దాచిన రూపాయి పొదుపు కాదు, పిసినారితనం కూడా కాదు, అది లేమి. అలాంటి ఇళ్ల విషయంలో ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద 2024 సెప్టెంబరు నుంచి అర్హులైన 21 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఏటా రెండు విడతల్లో అందుతున్న 10,000 రూపాయల వంటి నగదు సాయమే కరవు నెలకు ఆసరా కాగలదు. ఆ విడతలు వేట నిషేధపు నెలల్లో పడితే ఇంకా ఎక్కువ మేలు.

ముందున్న మార్పులు

రెండు మార్పులు ఈ జిల్లాల లెక్కను తిరగరాసే అవకాశం ఉంది. ఒక రుణగ్రహీతకు మూడుకు మించి సంస్థలు అప్పివ్వకూడదని, మొత్తం బకాయి 2 లక్షల రూపాయలు దాటకూడదని సూక్ష్మరుణ సంస్థల వేదిక ఎంఫిన్ పెట్టుకున్న కట్టుబాటు 2025 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. దీర్ఘకాలంలో ఇది మంచిదే. తక్షణంలో మాత్రం నాలుగో సంస్థ అప్పుతో మొదటి సంస్థ వాయిదా కడుతూ వచ్చిన కుటుంబాలకు దారి మూసుకుపోతుంది. అవి డైలీ ఫైనాన్స్ వైపు, బంగారం తాకట్టు వైపు మళ్లుతాయి. రెండో మార్పు అక్కడే ఉంది. 2.5 లక్షల రూపాయల లోపు బంగారు రుణాలకు నగ విలువలో 75 శాతంగా ఉన్న పరిమితిని 85 శాతానికి పెంచుతూ రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది. వాటి అమలుకు 2026 ఏప్రిల్ గడువు పెట్టింది. అదే గొలుసు మీద ఎక్కువ డబ్బు వస్తుంది, విడిపించుకోవడం అంతే కష్టమవుతుంది, ధర పడితే వేలం ముప్పు త్వరగా వస్తుంది.

ఆదాయం వచ్చే కాలానికి తగినట్టు తీర్చే అప్పు కొత్త ఊహేమీ కాదు. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పంట చేతికి వచ్చాకే తిరిగి కట్టే పద్ధతిలో నడుస్తుంది. సకాలంలో కడితే పంట రుణంపై వడ్డీ 4 శాతానికి దిగుతుంది. 2018-19 బడ్జెట్‌తో దాన్ని మత్స్యకారులకూ విస్తరించారు. పైన లెక్కగట్టిన కుటుంబానికి వాయిదాలు మంచి నెలల్లోనే పడే ఇలాంటి రుణం దొరికితే, నిషేధపు నెలల్లో లోటు 14,000 బదులు 4,000 దగ్గర ఆగుతుంది. పడవ సొంతదై, కాగితాలు ఉన్నవారు ఈ కార్డు కోసం బ్యాంకును అడగవచ్చు. వాటా మీద వేటకు వెళ్లేవారికి, నోటిమాట మీద కౌలు చేసేవారికి చూపించడానికి కాగితమే ఉండదు. వారి ఆదాయం అందరికంటే అస్థిరం, వారికి దొరికే అప్పు మాత్రం నెలనెలా తప్పక కట్టవలసిన రకానిదే.